డిస్పోజర్ బాగానే నలిపింది, పైపే మోయలేకపోయింది

సింకు కింద బిగించే ఫుడ్ వేస్ట్ డిస్పోజర్‌ని మా కుర్రాళ్ళు ‘సింకు మిక్సీ’ అంటారు. సగం గొడవలకి ఆ పేరే కారణమని నాకు ఈ మధ్య అనిపిస్తోంది. మిక్సీ అనగానే జనం లోపల బ్లేడు ఉందనుకుంటారు, ఏది వేసినా పేస్టయిపోతుందనుకుంటారు, పేస్టయ్యాక ఎలాగోలా జారిపోతుందనుకుంటారు. మూడూ తప్పే. ఈ కేసు రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో మొదటిసారి నేనే తప్పు చేశాను, డబ్బులు తీసుకుని మరీ చేశాను.

నేను 22 ఏళ్ళుగా విశాఖలో ప్లంబింగ్ పనులు చేస్తున్నాను. ఇంటివాళ్ళని ఎవరూ గుర్తుపట్టకుండా అంతస్తు, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. పైపుల కొలతలు మాత్రం ఉన్నవున్నట్టే రాశాను.

ఇల్లు, లైను

సముద్రానికి కిలోమీటరు లోపు ఉన్న అపార్ట్‌మెంటు. కట్టి పదహారేళ్ళు. రెండో అంతస్తు ఫ్లాట్‌లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, హైస్కూలు చదివే పిల్లలిద్దరు, ఊరి నుంచి వచ్చి వీళ్ళ దగ్గరే ఉంటున్న అత్తగారు. రెండేళ్ళ కిందట వంటిల్లు కొత్తగా చేయించుకుని రెండు తొట్ల స్టీలు సింకు, దాని కింద ముప్పావు హార్స్‌పవర్ డిస్పోజర్ పెట్టించుకున్నారు.

ఇలాంటి పని ఒప్పుకునే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న, మీ బిల్డింగు నీళ్ళు యూజీడీకి (ఊరి భూగర్భ మురుగు లైనుకి) పోతాయా, సెప్టిక్ ట్యాంకుకి పోతాయా అని. మన ఊళ్ళో రెండూ ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకయితే డిస్పోజర్ నలిపిందంతా వెళ్ళి అడుగున పేరుకుంటుంది. ట్యాంకు తొందరగా నిండుతుంది, ఆ ఖర్చు మిషన్ లేని ఇళ్ళవాళ్ళ మీద కూడా పడుతుంది. అలాంటి చోట నేను డిస్పోజర్ వద్దనే చెప్తాను. ఇక్కడ యూజీడీ కనెక్షన్ ఉంది, ఆ పేచీ లేదు.

లైను ఎలా పోతోందో చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. డిస్పోజర్ నుంచి ముడతల ఫ్లెక్సిబుల్ పైపు, దాన్నే యు ఆకారంలో వంచి ట్రాప్ (వాసన వెనక్కి రాకుండా కాసిని నీళ్ళు నిలిపే వంపు) అనిపించారు. అక్కడి నుంచి గోడలో 50 ఎంఎం పీవీసీ. అది యుటిలిటీ బాల్కనీలో, బట్టలుతికే చోట ఉన్న నహానీ ట్రాప్‌లోకి (నేల మీది నీళ్ళు దిగే జాలీ కింది గిన్నెలోకి) పోతుంది. నహానీ నుంచి 75 ఎంఎం పైపు స్లాబు కిందికి దిగి, కింది ఫ్లాటు సీలింగుకి వేలాడుతూ 3.2 మీటర్లు వెళ్ళి, బయటి గోడ మీది నిలువు పైపులో కలుస్తుంది. మామూలు అంట్ల నీళ్ళకి ఇది పద్నాలుగేళ్ళు బ్రహ్మాండంగా పనిచేసింది. వంటిల్లు మార్చినప్పుడు టైల్సు మార్చారు, కబోర్డులు మార్చారు, లైను ముట్టుకోలేదు. ఎవరూ ముట్టుకోరు, కనబడదు కదా.

వచ్చిన ఫిర్యాదు

ఇంటావిడ ఫోన్లో చెప్పిన మొదటి మాట నాకింకా గుర్తుంది. “మిషన్ ఆన్ చేస్తే బట్టలుతికే చోట సాంబారు పైకొస్తోందండీ.” సింకులో నీళ్ళు గుళుక్కు గుళుక్కుమని దిగుతున్నాయట. రోజూ కాదు, రెండు మూడు రోజులకోసారి. పొద్దున లేచేసరికి దానంతటదే తగ్గిపోతోందట. బాల్కనీ తలుపు తీస్తే పులిసిన వాసన. దీనికి తోడు కింది ఫ్లాటావిడ రెండు మూడు రోజుల నుంచి మెట్ల మీద కనబడినప్పుడల్లా అడుగుతోందట, మా సీలింగు నుంచి చుక్కలు పడుతున్నాయి, ఏం చేస్తున్నారని.

నాకంటే ముందు ముగ్గురు ప్రయత్నించారు. మిషన్ మెకానిక్ ఒకతను వచ్చి అడుగునున్న కన్నంలో ఎలన్ కీ పెట్టి తిప్పి, ఎర్ర రీసెట్ బటన్ నొక్కి, నడిపి చూసి, మిషన్‌లో ఏ లోపమూ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. అతను చెప్పింది నిజమే. రెండో అతను, మీ మిషన్ చిన్నది, ఒక హార్స్‌పవర్‌ది పెట్టించుకుంటే మెత్తగా రుబ్బుతుంది, ఈ గొడవే ఉండదన్నాడు. మూడోవారు ఇంటాయనే. కొట్లో కాస్టిక్ సోడా తెచ్చి రెండు రాత్రులు పోశారు.

కాస్టిక్ మాట వినగానే నేను ఆగాను. ఎప్పుడు పోశారు, ఎంత పోశారు, యాసిడ్ ఏమైనా కలిపారా? ఈ మూడూ అడక్కుండా ట్రాప్ విప్పకూడదు. కాస్టిక్ నీళ్ళతో కలిస్తే విపరీతంగా వేడెక్కుతుంది. లోపల నిలిచిపోయి ఉంటే విప్పినవాడి కళ్ళలోకి చిమ్ముతుంది. పీవీసీ జాయింట్లకీ రబ్బరు రింగులకీ ఆ వేడి మంచిది కాదు. కింది ఫ్లాటు చుక్కలకి కారణం అదేనేమోనని అప్పుడే అనుమానం వచ్చింది. పోసి నాలుగు రోజులైందన్నారు, యాసిడ్ పోయలేదన్నారు. అయినా కళ్ళద్దాలు, గ్లవుజులు పెట్టుకునే మొదలుపెట్టాం.

మొదటిసారి నేను చేసింది

మెయిన్ బోర్డులో ఎంసీబీ దించి, డిస్పోజర్ ప్లగ్గు పీకి, టార్చి వేసి లోపలికి చూశాను. చెయ్యి పెట్టలేదు, ఎంసీబీ దించినా పెట్టను.

లోపల బ్లేడు ఉండదు. గుండ్రటి పళ్ళెం ఒకటి తిరుగుతుంది, దాని మీద కదిలే మొండి లోహపు చెవులు రెండుంటాయి. అవి వేసిన పదార్థాన్ని అంచుకి విసిరికొడతాయి, అంచు చుట్టూ ఉన్న గరుకు రింగు దాన్ని అరగదీస్తుంది. కన్నాల్లో పట్టేంత చిన్నదయ్యాకే నీళ్ళతో కిందికి పోతుంది. కాబట్టి ఐసుగడ్డలు వేస్తే ‘బ్లేడు పదునెక్కుతుంద’న్న మాటలో అర్థం లేదు. ఐసు లోపలి జిడ్డు రాలుస్తుంది, అంతవరకే. ఈ మిషన్ 1927లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, రేసీన్ అనే ఊళ్ళో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు తయారుచేశాడు. ఆయన వంటింట్లో ఇడ్లీ రుబ్బు ఉండి ఉండదు. నా హాస్యం సంగతలా ఉంచితే, ఈ కేసులో అసలు విషయమూ అదే.

ముడతల పైపు విప్పితే ప్రతి ముడతలోనూ జిడ్డు. దాన్ని తీసి పారేసి, నున్నటి లోపలి గోడ ఉన్న పీ-ట్రాప్ పెట్టాను. డిస్పోజర్ ఉన్న సింకుకి ముడతల పైపు ఎప్పుడూ వద్దు. ముడత ముడతకీ నలిగిన మెతుకు ఆగుతుంది. తర్వాత గోడలోని 50 ఎంఎం పైపులోంచి స్ప్రింగ్ మిషన్ (అడ్డు తీయడానికి పైపులో తిప్పే పొడవాటి స్ప్రింగు) పంపాను. డిస్పోజర్‌లోంచి స్ప్రింగు దించకూడదు, అది పళ్ళెం దగ్గరే చిక్కుకుంటుంది. నహానీ జాలీ తీసి అడుగునున్న ముద్ద తోడాను. అక్కడి నుంచి మళ్ళీ స్ప్రింగు. ఒకచోట బరువుగా తగిలింది, తిప్పితే దిగిపోయింది. రెండు బకెట్ల నీళ్ళు పోస్తే గడగడా వెళ్ళిపోయాయి. 1,800 రూపాయలు తీసుకుని వచ్చేశాను.

ఆ ‘బరువుగా తగిలింది, దిగిపోయింది’ దగ్గర ఆగి ఆలోచించాల్సింది. జుట్టు ఉండో గుడ్డపేలికో అయితే స్ప్రింగు కొనకి పట్టుకుని బయటికొస్తుంది. దిగిపోయిందంటే అది మెత్తటి ముద్ద. మెత్తటి ముద్దలో స్ప్రింగు బొక్క పెడుతుంది గానీ దాన్ని తీసెయ్యదు. బొక్కలోంచి నీళ్ళు పోతాయి, మనకి పని అయిపోయినట్టుంటుంది. సీలింగు చుక్కల సంగతి కూడా లైను తెరుచుకుంది కదా ఆగుతాయిలే అనుకున్నాను. కిందికి దిగి ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే సరిపోయేది.

పదమూడో రోజున ఫోన్. ఈసారి సాంబారు కాదు, పెరుగన్నం.

లీటరు చెంబుతో లెక్క

రెండోసారి వెళ్ళినప్పుడు పనిముట్లు బండిలోనే ఉంచి, ఒక లీటరు చెంబు అడిగాను. రాత్రంతా ఎవరూ నీళ్ళు వాడకుండా చూడమని ముందే చెప్పాను. పొద్దున్నకి లైనులో నిలిచిన నీళ్ళు ఇంకిపోయాయి. అంటే పూర్తిగా మూసుకోలేదు, జారుతోంది. నహానీలో గబగబా చెంబుతో పోస్తూ లెక్కపెట్టాను. ఏడో లీటరుకి నీళ్ళు పైకి లేచాయి.

75 ఎంఎం పైపు మీటరు పొడవుకి సుమారు 4 లీటర్లు పడుతుంది. ఏడు లీటర్లంటే దాదాపు 1.75 మీటర్లు. కానీ లోపల అప్పటికే అడుసు ఉంటే అవే ఏడు లీటర్లు ఇంకా ఎక్కువ దూరం నింపుతాయి. కాబట్టి అడ్డు రెండు మీటర్ల దగ్గరో, కాస్త అవతలో ఉండాలి. అంటే నిలువు పైపులో కాదు, అడ్డంగా పోయే 3.2 మీటర్ల ముక్కలో, సగం దాటాక. సింకు దగ్గర ఎంత కుస్తీ పట్టినా అక్కడికి చేరదు. కింది ఫ్లాటులోకి వెళ్ళాల్సిందే.

కింది ఫ్లాటావిడ తలుపు తీసి, “మీ వంటిల్లు మా నెత్తి మీదేనా ఉండాలి?” అన్నారు. న్యాయమే. ఆవిడ బాల్కనీలో నిచ్చెన వేసి, పైపు రెండు కొసల మధ్య దారం బిగించి పట్టాం. దారానికీ పైపుకీ మధ్య ఖాళీ నడుమ భాగంలో 28 ఎంఎం. పైపు ఊయలలా కుంగిపోయింది. మూడు ఇనప పట్టీల మీద వేలాడాల్సిన పైపుకి నడిమి పట్టీ లేనే లేదు. సీలింగులో తుప్పు మరక, దాని కింద మేకు మొదలు మాత్రం ఉన్నాయి. సముద్రపు గాలికి మామూలు ఇనుము ఎన్నాళ్ళుంటుంది? పైగా కాస్టిక్ వేడికి కావచ్చు, కుంగిన బరువుకి కావచ్చు, ఒక జాయింటు పెదవి విప్పింది. చుక్కలు అక్కడివి.

మొదట్లో ఈ లైనుకి ఇచ్చిన వాలే మొత్తం మీద 40 ఎంఎం, అంటే 80కి ఒకటి. అంట్ల నీళ్ళకి సరిపోయింది. అందులో నడుము 28 ఎంఎం కుంగితే, కుంగిన చోట దాటాక నీళ్ళు ఎదురెక్కాలి. వట్టి నీళ్ళు ఎలాగో ఎక్కుతాయి. నలిగిన అన్నం ఎందుకు ఎక్కుతుంది?

పైపు కోస్తే

కింద ప్లాస్టిక్ తొట్టె పెట్టి, కుంగిన చోట పైపు కోశాం. మా కుర్రాడు ముక్క పట్టుకుని లోపలికి చూసి, “ఏటండీ గురువుగారూ ఇది, సలిమిడిలాగుంది!” అన్నాడు. నిజంగా చలిమిడే. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. బూడిదరంగు తెలుపు, పులిసిన వాసన.

ముక్కని నిలువునా చీల్చి ఆరుబయట పెట్టి చూశాను. ఇలాంటి కేసుల్లో అది చదవడం వస్తే సగం రోగం తెలుస్తుంది. అట్టడుగున ముతక ఇసుక లాంటి పొర. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడింది. గుడ్డు పెంకులు, వాటి మధ్య ఎర్రటి తునకలు, రొయ్య పొట్టువి. దాని మీద రెండు వేళ్ళ మందాన ఆ తెల్ల ముద్ద. అందులో నారలు: తోటకూర కాడవి, మునక్కాడవి, ఒక కరివేపాకు ఈనె చెక్కుచెదరకుండా. అన్నిటి మీదా పసుపచ్చని జిడ్డు తొడుగు, గోరుతో గీకితే పెళ్ళలుగా లేచింది.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ మొత్తంలో బియ్యపు గింజ కంటే పెద్ద ముక్క ఒక్కటీ లేదు, నారలు తప్ప. మిషన్ తన పని పూర్తిగా చేసింది. ఒక హార్స్‌పవర్ మిషన్ పెట్టించి ఉంటే ఇంకా మెత్తటి చలిమిడి తయారయ్యేది, అంతే. అక్కడితో మిషన్ మార్చే ఆలోచన కొట్టేశాను.

జిడ్డు గురించి ఒక మాట. మా ఇంట్లో సన్‌ఫ్లవర్ నూనేనండీ, అది గడ్డకట్టదు కదా అని ఇంటావిడ అడిగారు. మంచి ప్రశ్న. నూనె తనంతట తాను గడ్డకట్టకపోయినా పిండి పదార్థానికి పట్టుకుంటుంది. అంట్ల సబ్బు, బోరు నీళ్ళలోని సున్నం కలిస్తే జిడ్డు ఒక రకం సబ్బు పెచ్చులా గట్టిపడుతుంది. బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్లలో ఈ పెచ్చు నాకు ఎక్కువ కనిపిస్తుంది. మిషన్‌కి చల్లనీళ్ళే వాడమని పుస్తకంలో రాసేదీ జిడ్డు గురించే. వేణ్ణీళ్ళకి కరిగి, మిషన్ దాటి, దూరంగా పైపులో చల్లబడ్డాక అంటుకుంటుందని. మన మే నెలలో పై ట్యాంకు నీళ్ళు ఎలాగూ చల్లగా ఉండవు. కనీసం గీజరు నీళ్ళు పెట్టకుండా ఉంటే చాలు.

కుడితి

పైపు కుంగడం ఒక కారణం. కానీ పద్నాలుగేళ్ళు నడిచిన లైను మిషన్ పెట్టిన రెండేళ్ళలోనే ఎందుకు పూడుకుంది? ఏం వేస్తున్నారని కోడలుగారిని అడిగితే, “తొక్కలు, కాస్త మిగిలిన కూర, అంతేనండీ” అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ వేసేది అంతే. పగలంతా వంటింట్లో ఉండేది అత్తగారు.

నేను ఆవిడ దగ్గర పీట మీద కూర్చుని, మీ ఊళ్ళో ఇవన్నీ ఏం చేసేవారమ్మా అని అడిగాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. “కుడితి తొట్లో ఏసీవోళ్ళం బాబూ. బియ్యం కడుగు, గంజి, తొక్కలు, మిగిలిన అన్నం, రుబ్బుపొత్రం కడిగిన నీళ్ళు, అన్నీ. గేదె తాగీది. ఇక్కడ గేది లేదు కదా, మిషనుంది. దాన్లో ఏసేస్తన్నాను.”

ఇన్నాళ్ళూ నాకూ మెకానిక్కులకీ అర్థం కానిది ఆ ఒక్క ముక్కలో తెలిసిపోయింది. మధ్యాహ్నం వరకూ ఒక బకెట్లో కుడితి పోగవుతుంది. అందులో అన్నం నానుతుంది, ఉబ్బుతుంది. వారానికి రెండుసార్లు ఇడ్లీ పిండి గిన్నె, గ్రైండరు కడిగిన చిక్కటి రుబ్బు కూడా చేరుతుంది. తర్వాత బకెట్ మొత్తం ఒక్కసారే సింకులో వంపి మిషన్ నొక్కుతారు. చప్పుడు ఆగగానే కుళాయి కట్టేస్తారు. ఎందుకంటే నీళ్ళు వృథా చెయ్యకూడదు. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఇల్లది. ఆవిడ చేసిన ప్రతి పనికీ ఒక కారణం ఉంది. ఆ కారణాలన్నీ కలిసి పైపులో చలిమిడయ్యాయి.

కుళాయి కింద లీటరు చెంబు పెట్టి గడియారం చూశాను. 15 సెకన్లకి నిండింది, అంటే నిమిషానికి 4 లీటర్లు. నీళ్ళు ఆదా అయ్యే నురగ జాలీ బిగించి ఉంది. మిషన్ ఆగాక 20 సెకన్లు నీళ్ళు వదలమని మనం చెప్తాం కదా, ఈ కుళాయిలో 20 సెకన్లంటే లీటరుంబావుకి కాస్త ఎక్కువ. 75 ఎంఎం పైపు అడుగున అది తడి గీత కూడా కాదు.

మాటలతో చెప్తే పనవ్వదని, చీల్చిన పైపు ముక్కని కడిగి బాల్కనీ గచ్చు మీద కొద్దిగా వాలుగా పెట్టాను. మిషన్‌లో నలిగిన అన్నం గుప్పెడు తెచ్చి ఎగువ కొసన పెట్టి, లీటరుంబావు నీళ్ళు సన్నగా పోశాను. నీళ్ళు పోయాయి, మెతుకు పిండి జానెడు జరిగి ఆగిపోయింది. తర్వాత అర బకెట్ నీళ్ళు ఒక్కసారి వంపాను. ముద్ద లేచి కొస దాకా వెళ్ళిపోయింది. అదే పని బంగాళాదుంప తొక్కల పొడితో చేస్తే మొదటి నీళ్ళకే చాలావరకు కొట్టుకుపోయింది. అత్తగారు చూసి, “ఓలమ్మా, అదా సంగతి! అన్నం మానేత్తాను బాబూ” అన్నారు. పిల్లల్లో చిన్నవాడు ఇంకోసారి చెయ్యమన్నాడు, చేశాను.

లైను మార్చేటప్పుడు

ఇంటాయన మొదట అడిగింది, ఏకంగా 110 ఎంఎం వేసేస్తే పీడా పోదా అని. ఇది అందరూ అడిగేదే. పైపు పెద్దదయితే పట్టేది ఎక్కువే గానీ, వచ్చే నీళ్ళు అవే. అవే నీళ్ళు వెడల్పు పైపులో పలచగా పరుచుకుంటాయి, లోతు తగ్గుతుంది, ముద్దని ఎత్తే బలం తగ్గుతుంది. కాబట్టి 75 దగ్గరే ఉండి వాలు పెంచాను. 40కి ఒకటి చొప్పున 3.2 మీటర్లకి 80 ఎంఎం. కింది సీలింగు ఎత్తు చూసుకుంటే సరిగ్గా అంతే దొరికింది. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు ముప్పావు మీటరుకి ఒకటి. యాంకర్లు కూడా స్టెయిన్‌లెస్‌వే. పట్టీ స్టీలుది వేసి బోల్టు మామూలు ఇనుముది వేస్తే మన ఊళ్ళో మళ్ళీ ఇదే కథ.

రెండో మార్పు మీదే ఎక్కువసేపు ఆలోచించాను. సింకు నీళ్ళు నహానీ ద్వారా పోతున్నాయి. అంటే సింకు కింద ఒక ట్రాపు, మళ్ళీ నహానీ ఇంకో ట్రాపు. రెండు నీటి మూతల మధ్య గాలి ఇరుక్కుని నీళ్ళు మందగిస్తాయి. ఆ గుళుకు గుళుకు చప్పుడులో సగం దీనిదే. పైగా నహానీ గిన్నె లోతుగా, వెడల్పుగా ఉంటుంది, నలిగినదంతా అందులో దిగబడుతుంది. బట్టల సబ్బు నీళ్ళకి నహానీ కావాలి గానీ, డిస్పోజర్ నీళ్ళు దాని మీదుగా పోనక్కర్లేదు. గోడలోని 50 ఎంఎం పైపుని దారి మళ్ళించి, నహానీ దాటాక 75 ఎంఎం లైనులో వై ముక్కతో, ఏటవాలుగా కలిపాను. టీ ముక్క వేస్తే ప్రవాహం అడ్డంగా గుద్దుకుంటుంది, అక్కడే ముద్ద కడుతుంది. సింకుకి దాని పీ-ట్రాప్ ఉంది కాబట్టి వాసన భయం లేదు.

ఇందులో ఒక ఇబ్బంది ఉంది, ఒప్పుకోవాలి. ఇదివరకు లైను మూసుకుంటే నహానీలో పైకొచ్చి చెప్పేది. ఇప్పుడు కూడా అక్కడే వస్తుంది, కానీ బాగా మూసుకుంటే గానీ రాదు. అందుకని లైను ఎగువ కొసన, పైనుంచే విప్పుకునేలా, చేత్తో తిప్పే క్లీనవుట్ మూత పెట్టాను. అది కింది ఫ్లాటు సీలింగులో పెట్టి ఉంటే ప్రతిసారీ ఆవిడ తలుపు కొట్టాల్సి వచ్చేది. ఈ కేసులో నేను చేసిన పనుల్లో ఆవిడకి నచ్చింది ఇదొక్కటే.

మొదటిసారి తీసుకున్న 1,800 రూపాయలు ఈ బిల్లులో తగ్గించాను.

వంటింట్లో మారినవి

కుళాయి ముందు తిప్పాలి, తర్వాత మిషన్, ఆ తర్వాతే కొద్దికొద్దిగా వెయ్యడం. చప్పుడు తేలికయ్యాక మిషన్ ఆపాలి, నీళ్ళు మాత్రం వదలాలి. ఇది ఎవరైనా చెప్పేదే. కానీ నిమిషానికి 4 లీటర్ల కుళాయితో ఇది చాలదు, అలాగని కుళాయి రెండు నిమిషాలు వదలమంటే ఆ ఇంట్లో ఎవరూ వదలరు, వదలనక్కర్లేదు కూడా. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్ళు ఎలాగూ పారబోసేవే. మిషన్ ఉన్న తొట్టెకి బిరడా పెట్టి ఆ నీళ్ళు అందులోనే పట్టమన్నాను. తొట్టె సగం నిండాక బిరడా తీసి మిషన్ నడిపితే, ఎనిమిది పది లీటర్లు ఒక్కసారిగా లైనులోకి దూకుతాయి. కొత్త నీళ్ళు చుక్క ఖర్చవ్వవు. బియ్యం కడుగులో పిండి ఉంటుంది కదా అని నాకు కొంత సందేహం ఉండేది. పలచగా ఉంటుంది, అంత జోరులో ఆగదని నిర్ణయించుకున్నాను. గంజి మాత్రం వద్దన్నాను.

అన్నం, రుబ్బు, మైదా పిండి, పప్పు అడుగు, మునక్కాడ పిప్పి, ఆకుకూర కాడలు, అరటి దూట, చింతపండు పిప్పి, కొబ్బరి పీచు, రొయ్య పొట్టు, చేప ముళ్ళు, మామిడి టెంక, గుడ్డు పెంకులు ఏవీ మిషన్‌లోకి వద్దు. గుడ్డు పెంకుల గురించి ప్లంబర్లలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. వాలు బాగుంటే పోతాయనేవాళ్ళున్నారు. ఈ పైపు అడుగున ఆ ఇసుక చూశాక నేను వద్దనే అంటాను. వేయించిన మూకుడు నూనె సంగతి చెప్పనక్కర్లేదు, పాత కాగితంతో తుడిచి చెత్తలో వెయ్యాలి. ఇన్ని తీసేస్తే ఇంక మిషన్ ఎందుకని కోడలుగారు నవ్వుతూ అడిగారు. తొక్కలు, పళ్ళ ముక్కలు, కంచాల్లో మిగిలిన కూర ముక్కలు, జాలీలో చిక్కుకునే చిల్లర. దానికోసమే అన్నాను. తడి చెత్త వేరుగా తీసుకెళ్ళడానికి కార్పొరేషన్ వాళ్ళు పొద్దున్నే వస్తారు. మిగతాది వాళ్ళ బుట్టలోకే.

అత్తగారి బకెట్ మళ్ళీ వచ్చింది, ఈసారి మూతతో. అన్నం, పిప్పి, కాడలు అందులోకి. నీళ్ళు మాత్రం పొయ్యకుండా.

ఎనిమిది నెలల తర్వాత

వేరే ఫ్లాటులో పని పడి ఆ బిల్డింగుకి వెళ్ళినప్పుడు, అడిగి క్లీనవుట్ మూత విప్పి టార్చి వేశాను. పైపు అడుగున జిడ్డు మరక సన్నగా ఉంది, వేలు పెడితే అంటింది. ముద్ద లేదు. కింది సీలింగు పొడిగా ఉంది, పట్టీలు మెరుస్తున్నాయి. వై ముక్క దగ్గర మాత్రం ఒక కరివేపాకు ఈనె అడ్డంగా పడుకుని, దాన్ని పట్టుకుని రెండు నారలున్నాయి. పటకారుతో తీసి అత్తగారికి చూపించాను. ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, కోడలి వైపు తిరిగి, “ఇది నాది కాదు” అన్నారు.